మీ ప్రశ్న – నా జవాబు: మూడేళ్ళ తర్వాత న్యూయార్క్‌లో స్వెతానా

గత సంచికలో తల్లులైన క్రీడాకారిణుల గురించి రాస్తూ, బల్గేరియాకు చెందిన టెన్నిస్ క్రీడాకారిణి స్వెతానా పిరొంకోవాను రెండు వాక్యాల్లో ప్రస్తావించాను. మూడేళ్ళకు పైగా ఆటకు దూరంగా ఉండి, రెండేళ్ళ కొడుకు తల్లిగా తిరిగి వచ్చి, 2020 యూఎస్ ఓపెన్‌లో క్వార్టర్‌ఫైనల్ దాకా వెళ్ళిందని రాశాను. ఆ రెండు వాక్యాలకే బోలెడు ఉత్తరాలు వచ్చాయి. అందుకే ఈసారి పేజీ మొత్తం ఆమెకే ఇస్తున్నాను.

ప్రశ్న: పిరొంకోవా పేరు నేనెప్పుడూ వినలేదు. ఆమె ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరెవరిని ఓడించింది? వివరంగా చెప్పండి మేడం. — ఒక డిగ్రీ విద్యార్థిని, ఒంగోలు

బల్గేరియాలో రెండో పెద్ద నగరం ప్లొవ్‌దివ్. అక్కడ 1987 సెప్టెంబరు 13న పుట్టింది. ఇంట్లో అందరిదీ ఆటల లోకమే. తల్లి ఈతలో ఛాంపియన్, తండ్రి కిరిల్ పడవ పోటీల్లో ఛాంపియన్. నాలుగేళ్ళ వయసులో కూతురి చేతికి రాకెట్ ఇచ్చింది ఆ తండ్రే, తర్వాత ఆమెకు కోచ్‌గా నిలిచిందీ ఆయనే. స్వెతానా అన్న పేరుకు వాళ్ళ భాషలో పువ్వు అనే మాట మూలం. మన పుష్ప లాంటి పేరన్న మాట.

ఆమె కంటే ముందు బల్గేరియా టెన్నిస్ అంటే మలీవా అక్కచెల్లెళ్ళే. మాన్యుయెలా, కాతెరీనా, మాగ్దలేనా ముగ్గురూ ప్రపంచ తొలి పది ర్యాంకుల్లోకి వెళ్ళినవాళ్ళు. వాళ్ళను తీర్చిదిద్దింది కన్నతల్లే. ఆ ముగ్గురి తర్వాత ఆ చిన్న దేశం తరఫున ఆడే అమ్మాయి భుజాల మీద ఎంత బరువు ఉంటుందో మీరే ఊహించుకోండి.

2006 ఆస్ట్రేలియన్ ఓపెన్. స్వెతానాకు పద్దెనిమిదేళ్ళు. ఏడాదికి నాలుగు జరిగే అతిపెద్ద టోర్నీలైన గ్రాండ్‌స్లామ్‌లలో ప్రధాన పోటీ ఆడటం అదే మొదటిసారి. తొలి రౌండ్‌లోనే ఎదురైంది అమెరికా మేటి క్రీడాకారిణి వీనస్ విలియమ్స్. మొదటి సెట్ 2-6తో పోయింది. అలాంటప్పుడు ఎవరైనా ఇక గౌరవంగా ఓడిపోతే చాలనుకుంటారు. ఈ అమ్మాయి రెండో సెట్‌లో వీనస్‌కు ఒక్క గేమ్ కూడా ఇవ్వలేదు, 6-0. మూడోది 9-7. ఆ స్కోరు పత్రికలో చూసి, అచ్చు తప్పు పడిందేమోనని రెండుసార్లు చదివాను.

తర్వాత నాలుగేళ్ళు పెద్దగా చెప్పుకోవడానికి లేదు. ఏ గ్రాండ్‌స్లామ్‌లోనూ రెండో రౌండ్ దాటలేదు. అలాంటి మనిషి 2010 వింబుల్డన్‌కు 82వ ర్యాంకుతో వచ్చి, నాలుగో రౌండ్‌లో మరియన్ బర్తోలిని, క్వార్టర్‌ఫైనల్‌లో వీనస్‌ను ఓడించింది. అప్పటికి వీనస్ ఐదుసార్లు వింబుల్డన్ విజేత, ఆ కోర్టు ఆమెకు సొంత ఇల్లు. ఆ ఇంట్లోనే 6-2, 6-3. సెమీఫైనల్‌లో వేరా జ్వొనరేవా మీద తొలి సెట్ గెలిచి మ్యాచ్ ఓడింది. ఆ సెప్టెంబరులో ఇరవై మూడో పుట్టినరోజు నాటికి 31వ ర్యాంకుకు చేరింది. ఆమె జీవితంలో అదే అత్యుత్తమ ర్యాంకు.

మరుసటి ఏడాది అదే వింబుల్డన్‌లో మూడో రౌండ్‌లో జ్వొనరేవా మీద బదులు తీర్చుకుంది. నాలుగో రౌండ్‌లో మళ్ళీ వీనస్, మళ్ళీ 6-2, 6-3. గెలుపు ఒక్కసారి వస్తే అదృష్టం అంటారు. రెండోసారి అంకె కూడా మారకుండా వస్తే, ఆ ఆటలో వీనస్‌కు కొరుకుడుపడనిది ఏదో ఉందని అర్థం. క్వార్టర్‌ఫైనల్‌లో మూడు సెట్లు పోరాడి పెట్రా క్విటోవాకు తలవంచింది. ఆ ఏటి కప్పు క్విటోవాదే.

ప్రశ్న: ఆమె ఫోర్‌హ్యాండ్ వైపు కూడా బంతిని కోస్తుందట కదా? మా కోచ్ ఫోర్‌హ్యాండ్ స్లైస్ ఆడితే కోప్పడతారు. ఎవరి మాట వినాలి? — పదో తరగతి విద్యార్థి, విశాఖపట్నం

మీ కోచ్ గారి మాటే వినాలి బాబూ. అయితే ఆమె ఏం చేసేదో చెబుతాను, ఒకసారి గోడ దగ్గర నువ్వే ప్రయత్నించి చూడు.

ఫోర్‌హ్యాండ్ అంటే రాకెట్ పట్టిన చేతి వైపు నుంచి కొట్టే దెబ్బ. ఈ రోజుల్లో దాన్ని కొట్టడమంటే రాకెట్‌ను కింది నుంచి పైకి విసిరి, బంతికి ముందుకు తిరిగే సుడి ఇవ్వడం. బంతి నెట్ మీదుగా ఎత్తుగా వెళ్ళి, కోర్టులో పడగానే పైకి లేస్తుంది. స్వెతానా చాలాసార్లు దీనికి తలకిందులుగా చేసేది. పరుగెత్తుకుంటూ వెళ్ళి, రాకెట్‌ను భుజం పక్క నుంచి కిందికి తెచ్చి, బంతి అడుగు భాగాన్ని కత్తితో చెక్కినట్టు కోసేది. స్లైస్ అంటే అదే. బంతి వెనక్కి తిరుగుతూ వెళ్తుంది. పచ్చిక మీద పడగానే లేవాల్సింది పోయి జారుతుంది. మోకాలి ఎత్తుకు కూడా రాదు. వీనస్ ఆరడుగులు దాటిన మనిషి. నడుము ఎత్తులో వచ్చే బంతిని బాదడానికి అలవాటు పడిన చేయి, పాదాల దగ్గర పాకే బంతిని ఎత్తి కొట్టాల్సి వచ్చేది. అలా ఎత్తితే బంతి నెట్‌కు తగులుతుంది, లేదంటే తేలిపోతుంది. తేలిన బంతిని స్వెతానా తన చదునైన బ్యాక్‌హ్యాండ్‌తో నేరుగా లైను వెంట పంపేది.

మట్టికోర్టు మీద అదే బంతి నెమ్మదిగా వస్తుంది, ఎదుటివారికి అడుగులు సర్దుకునే వ్యవధి దొరుకుతుంది. నువ్వు ఆడేది మట్టి మీదో సిమెంటు మీదో అయ్యుంటుంది, అందుకే కోచ్ గారి కోపం న్యాయం. ముందు పైకి లేచే ఫోర్‌హ్యాండ్ గట్టిపడనీ. కానీ ఒక మాట గుర్తుంచుకో. ఆమె ఆటను చూసి, ఇది సరైన పద్ధతి కాదు, మార్చుకో అన్నవాళ్ళు ఎక్కడైనా ఉండే ఉంటారు. మార్చుకోకపోవడం వల్లే మూడుసార్లు వీనస్‌ను ఇంటికి పంపగలిగింది.

ప్రశ్న: ఇంత చెబుతున్నారు, మొత్తం మీద ఆమె గెలిచిన టైటిళ్ళు ఎన్ని? — ఒక పాఠకుడు, కర్నూలు

సింగిల్స్‌లో డబ్ల్యూటీఏ (మహిళల టెన్నిస్ సంఘం) టైటిల్ ఒకటి. 2014 జనవరిలో సిడ్నీలో. 107వ ర్యాంకు కాబట్టి నేరుగా చోటు లేదు, క్వాలిఫయింగ్, అంటే ముందుగా జరిగే అర్హత పోటీలు ఆడి లోపలికి వెళ్ళింది. సారా ఎరాని, పెట్రా క్విటోవా, చివరగా ఏంజెలిక్ కెర్బర్, వరసపెట్టి తొలి పది ర్యాంకుల వాళ్ళనే ఓడించి కప్పు ఎత్తుకుంది.

టైటిళ్ళ లెక్కతోనే ఒక క్రీడాకారిణిని తూచడం నాకు నచ్చదు. 2016 ఫ్రెంచ్ ఓపెన్ నాలుగో రౌండ్ చూడండి. అవతల అగ్నియెష్కా రద్వాన్‌స్కా. రెండో సీడ్, అంటే ర్యాంకును బట్టి ఆ టోర్నీలో రెండో స్థానం ఇచ్చిన క్రీడాకారిణి. తొలి సెట్ 2-6తో పోయింది, రెండో సెట్‌లో 0-3. అప్పుడు వాన వచ్చి ఆట ఆగింది. మర్నాడు పగలంతా వానే, ఒక్క బంతీ పడలేదు. ఆ మర్నాడు కోర్టులోకి వచ్చి స్వెతానా వరసగా పది గేములు గెలిచింది. పది! 2-6, 6-3, 6-3తో మ్యాచ్ ఆమెదైంది. తర్వాత సమంతా స్టోసుర్ చేతిలో క్వార్టర్‌ఫైనల్ ఓడిన మాట నిజమే. కానీ వాన చినుకుల కింద రెండు రాత్రులు ఓటమిని పక్కలో పెట్టుకొని పడుకున్న మనిషి, మూడో రోజు అలా ఆడటం ఎన్ని కప్పులకు సమానమో నేను చెప్పలేను.

ప్రశ్న: మూడేళ్ళు ఆడకపోతే ర్యాంకు ఉండదు కదా. మరి యూఎస్ ఓపెన్‌లోకి ఎలా రానిచ్చారు? — ఒక ఉపాధ్యాయుడు, కరీంనగర్

అసలు విషయం మీరు అడిగారు. టెన్నిస్ ర్యాంకు అంటే గడచిన 52 వారాల పాయింట్ల మొత్తం. ఆడకపోతే వారం వారం పాయింట్లు రాలిపోతాయి, ఏడాది తిరిగేసరికి పట్టికలో పేరే ఉండదు. స్వెతానా చివరిగా ఆడింది 2017 వింబుల్డన్. 2018 ఏప్రిల్‌లో కొడుకు అలెగ్జాండర్ పుట్టాడు. ఆ విరామంలో పైరోనెటిక్ అనే పేరుతో సొంతంగా క్రీడా దుస్తుల సంస్థ పెట్టింది. తిరిగి వచ్చినప్పుడు ఒంటి మీద ఉన్నవి ఆ దుస్తులే.

2019 సీజన్ నుంచి మహిళల టెన్నిస్ సంఘం డబ్ల్యూటీఏ నియమం మార్చింది. ప్రసవం కోసం ఆట ఆపిన క్రీడాకారిణి, బిడ్డ పుట్టిన నాటి నుంచి మూడేళ్ళ లోపు తిరిగి వస్తే, ఆగేనాటి ర్యాంకును ప్రత్యేక ర్యాంకుగా చూపించి పన్నెండు టోర్నీల్లో ప్రవేశం పొందవచ్చు. స్వెతానా ప్రత్యేక ర్యాంకు 123. అది సరిపోయింది.

ఇంకో సంగతి కలిపి చూడండి. కరోనా వల్ల ఆ ఏడాది యూఎస్ ఓపెన్‌లో క్వాలిఫయింగ్ పోటీలే పెట్టలేదు. అంటే ర్యాంకు లేని మనిషి కింది మెట్టు నుంచి ఎక్కుదామన్నా మెట్టే లేదు. ఆ ఒక్క నియమం లేకపోతే, నిర్వాహకులు దయతలచి వైల్డ్‌కార్డు ఇస్తే తప్ప, ఆమె ప్లొవ్‌దివ్‌లో టీవీ ముందు కూర్చుని ఉండేది. రెండో రౌండ్‌లో ఆమె చేతిలో గార్బినె ముగురుజా ఓటమీ లేదు, క్వార్టర్‌ఫైనల్‌లో సెరెనా విలియమ్స్‌తో మ్యాచూ లేదు. ప్రతిభ, పట్టుదల అని మనం ఎన్నిసార్లు రాసుకున్నా, ఎవరో కొందరు కూర్చుని రాసిన నాలుగు వరుసల నియమం లేకపోతే ఆ ప్రతిభ గేటు బయటే నిలబడేది.

ప్రశ్న: మన సానియా మీర్జా కూడా ఇలాగే వచ్చింది కదా? — హైదరాబాద్

అవును. 2018 అక్టోబరులో బాబు పుట్టాక, 2020 జనవరిలో హోబార్ట్‌లో నదియా కిచెనోక్‌తో కలిసి డబుల్స్ టైటిల్ గెలిచింది. తిరిగి ఆడిన తొలి టోర్నీయే అది. స్వెతానా న్యూయార్క్ వెళ్ళింది ఆ తర్వాత ఏడెనిమిది నెలలకు.

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మా అమ్మాయి పెళ్ళికి ముందు రాష్ట్ర స్థాయిలో టెన్నిస్ ఆడింది. ఇప్పుడు మనవడికి రెండేళ్ళు. మళ్ళీ ఆడతానంటోంది. అల్లుడు సరేనన్నాడు, మా ఇంట్లో పెద్దవాళ్ళే నవ్వుతున్నారు. బల్గేరియా అమ్మాయి సంగతి చదివి అమ్మాయి పత్రిక నా ముందు పెట్టింది. ఏం చెప్పమంటారు? — ఒక తల్లి, ఖమ్మం

అమ్మా, మీ ఉత్తరం చదివి కాసేపు పక్కన పెట్టాల్సి వచ్చింది. నేను విశ్వవిద్యాలయం తరఫున ఆడినదాన్ని. పాప పుట్టిన ఏడాదిన్నరకు ఒక సెలక్షన్‌కు వెళ్ళాను. బల్ల వెనుక కూర్చున్న పెద్దమనిషి నా ఫారం తీసుకోలేదు. "పసిబిడ్డను పెట్టుకొని ఇంకేం ఆడతావమ్మా" అన్నాడు. కసిరినట్టు కాదు, ఎంతో ప్రేమగా అన్నాడు. ఆ ప్రేమకు నా దగ్గర సమాధానం లేకపోయింది. ఇంటికి వచ్చి రాకెట్‌ను అటక మీద పెట్టేశాను. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు పిల్లలకు ఆట నేర్పాను కానీ, పోటీలో మళ్ళీ ఆడలేదు.

అందుకే 2020 సెప్టెంబరులో ఆ మ్యాచులు చూస్తుంటే నాకు నిద్ర పట్టేది కాదు. ప్రేక్షకులు లేని స్టేడియం, బంతి రాకెట్‌కు తగిలిన చప్పుడు తప్ప మరో శబ్దం లేదు. రెండో రౌండ్‌లో పదో సీడ్ ముగురుజా 7-5, 6-3తో ఓడింది. ఆమె అంతకు ముందే రెండు గ్రాండ్‌స్లామ్‌లు గెలిచిన మనిషి. మూడో రౌండ్‌లో డోనా వెకిచ్, నాలుగో రౌండ్‌లో మూడు సెట్లు ఆడి అలిజె కోర్నె. మూడేళ్ళు ఆడని చేయి ఆ స్లైస్‌ను మరచిపోలేదు. క్వార్టర్‌ఫైనల్ చేరిన ఎనిమిది మందిలో ముగ్గురు తల్లులు: సెరెనా, విక్టోరియా అజరెంకా, స్వెతానా. గ్రాండ్‌స్లామ్ చరిత్రలో అలా జరగడం అదే మొదటిసారి. స్వెతానా, సెరెనా ఎదురెదురు పడ్డారు. తొలి సెట్ స్వెతానా 6-4తో గెలిచింది. తర్వాతి రెండూ సెరెనా 6-3, 6-2తో తీసుకుంది. చివర్లో స్వెతానా కాళ్ళు బరువెక్కడం తెరమీద కనిపించింది. మూడేళ్ళ తర్వాత పది రోజుల్లో ఐదో మ్యాచ్ మరి.

మీ అమ్మాయిని ఎవరితోనూ పోల్చవద్దు. స్వెతానాకు కోచ్‌గా కన్నతండ్రి ఉన్నాడు, పదేళ్ళకు పైగా అంతర్జాతీయ అనుభవం ఉంది, ర్యాంకును కాపాడే నియమం ఉంది. మీ అమ్మాయికి అలాంటి నియమం ఏదీ ఉండకపోవచ్చు. కాబట్టి ఇంట్లో వాళ్ళే ఆ నియమం కావాలి. రోజుకు గంటన్నర మనవణ్ణి మీరు చూసుకుంటే చాలు. నవ్వే పెద్దవాళ్ళతో వాదన పెట్టుకోవద్దు, ఆ గంటన్నర మాత్రం ఎవరి కోసమూ వదలవద్దు.

ముందు డాక్టరుకు చూపించి, ఫిజియోథెరపిస్టు దగ్గర పొత్తికడుపు, నడుము కండరాలు గట్టిపడే వ్యాయామాలు నేర్చుకోమనండి. సిజేరియన్ అయ్యుంటే ఇది మరీ ముఖ్యం. మొదటి నెల పరుగులు, పోటీలు వద్దు. గోడకు కొట్టడం, సగం కోర్టులో నెమ్మదిగా నాకింగ్ (పాయింట్లు లెక్కపెట్టకుండా బంతిని అటూ ఇటూ కొట్టుకోవడం), అంతే. సర్వీస్ చివరన మొదలుపెట్టాలి, ఆగిన భుజం మీద ఒక్కసారిగా బరువు పడితే పట్టేస్తుంది. పాత రాకెట్ ఉంటే తీయించండి, కానీ అదే తీగలతో ఆడనివ్వవద్దు. ఏళ్ళ తరబడి పడివున్న తీగల్లో సాగే గుణం పోతుంది, ఆ దెబ్బ మోచేతికి తగులుతుంది. కొత్త గట్టింగ్ (తీగలు బిగించడం) చేయించండి, ఇదివరకటి కంటే రెండు మూడు పౌండ్లు వదులుగా. గ్రిప్ కూడా మార్పించండి.

మొదటి నెల పూర్తయ్యాక ఎలా ఉందో ఈసారి ఉత్తరం అమ్మాయినే రాయమనండి.