క్యాసెట్ల నుంచి రీల్స్ దాక: మన పాట పెరిగింది, అందుకునేటోళ్లు తగ్గిన్రు

ప్రశ్న ఏందంటే, యూట్యూబ్ ఫోక్ సాంగ్స్, రీల్స్, డీజేలు వచ్చినంక మన తెలంగాణ జానపదం బాగుపడ్డదా పాడైందా, పాత క్యాసెట్ల కాలమే నయముండెనా అని. ఈ కథ మొత్తం నేను షాపు కౌంటర్ ఎనుక నిలబడి చూసిన కాబట్టి జర పొడుగైనా రాస్తున్న, ఓపిక ఉంటె చదవున్రి.

మాది పరకాల దిక్కు ఊరు. 1996ల హన్మకొండ చౌరస్తా కాడ ఒక క్యాసెట్ రికార్డింగ్ షాపుల పనికి కుదిరిన, ఎనిమిదేండ్లు అక్కడ్నే చేసిన, ఆ తర్వాత మెమరీ కార్డులల్ల పాటలు ఎక్కిచ్చిన, ఇప్పుడు కాజీపేటల సొంతంగ చిన్న మొబైల్ షాపు ఉన్నది, కవర్లు, టెంపర్డ్ గ్లాసులు, ఛార్జర్లు అమ్ముత. నా జవాబు ముందుగాలనే చెప్త: పాత కాలమే నయం అనేది నేను ఒప్పుకోను. కానీ ఒకటి పోయింది, అది పోయిందని కూడా చానమందికి తెల్వదు, దాని గురించే నా బాధ.

రికార్డింగ్ షాపు అంటె ఇప్పటి పిల్లలకు తెల్వది. కస్టమర్ నోట్‌బుక్ కాయితం మీద పాటల లిస్టు రాసుకొని వస్తడు, మనం ఖాళీ క్యాసెట్ల అవన్ని ఎక్కియ్యాలె. 60 క్యాసెట్ అయితే ఒక సైడు అర్ధగంట, 90 అయితే ముప్పావు గంట. పాటల నిమిషాలన్ని కూడి ఏ సైడుకు ఏవి పడ్తయో ముందే లెక్క గట్టాలె, లేకపోతే ఆఖరి పాట చరణం నడుమ తెగుతది, తెగితే మర్నాడు పొద్దుగాల్నే వచ్చి లొల్లి పెడుతుండె. స్పిరిట్ల దూది అద్ది డెక్ హెడ్ తుడుస్తె గోధుమ రంగు మరక అంటుకునేది, ఆ వాసన నాకు ఇప్పటికీ గుర్తుకున్నది. అట్ల కాపీలు చేసి అమ్ముడు చట్టం ప్రకారం తప్పే, అప్పుడు మాకు ఆ సోయి లేకుండె, ఇప్పుడు ఒప్పుకుంటున్న.

ఆ లిస్టులల్ల పదింటికి తొమ్మిది సినిమా పాటలే. మన పాటల క్యాసెట్లు ఎప్పుడు పోతుండె అంటె రెండేండ్లకోపారి మేడారం జాతర ముందు, సంక్రాంతికి ఐలోని మల్లన్న జాతర ముందు, ఇగ బతుకమ్మకు. మిగితా రోజులల్ల ఎవరన్న ఒగ్గు కథ క్యాసెట్ కావాల్నంటె గొంతు తగ్గిచ్చి అడుగుతుండె, పక్కన కాలేజీ పిల్లలు ఉంటె అసలే అడగకపోతుండె. పాటే కాదు, భాష కూడ అంతే. సినిమాలల్ల మన మాట రౌడీకో, నవ్విచ్చేటోనికో పెడుతుండె. రేడియోల, టీవీల గట్ల మాట్లాడేటోళ్లు చాన తక్కువ ఉండె. మా ఓనర్ కూడ ఆఫీసర్లు వస్తె "ఏం కావాలండి" అని మాట మార్చి మాట్లాడేటోడు, నేను కూడ నేర్సుకున్న. మన ఇంట్ల మాట మన నోట్లెనే దాసుకున్న కాలం అది. ఆ రోజులే మంచిగుండె అని ఎవరన్న అంటె నేను అడిగేది ఇదొక్కటే, ఎవలకు మంచిగుండె?

ఇగ అసలు ముచ్చట. అప్పట్ల దుబాయ్, మస్కట్ పోయినోళ్లకు ఇంటోళ్లు మాటలు క్యాసెట్ల రికార్డు చేసి పంపుతుండె. ఉత్తరం రాయరాని వాళ్లకు అదే ఉత్తరం. జగిత్యాల, కరీంనగర్ దిక్కు ఎక్కువ, మా దిక్కు నుంచి కూడ పోయినోళ్లు మస్తుమంది ఉన్నరు. మా షాపుల ఎనుక చిన్న అర్ర ఉండె, ఒక మైక్ ఉండె. ఏ ఏడో సరిగ యాదికి లేదు, ఎండకాలం, ఒక ముసలవ్వ వచ్చింది. కొడుకు మస్కట్ల ఉన్నడు, ఊర్లె ఎవరో సెలవు మీద వచ్చి తిరిగి పోతున్నడు, ఆయనతోని పంపాలె. అవ్వను మైక్ ముందు కూసోబెట్టి బటన్ ఒత్తిన. అవ్వ మాట్లాడది. మైక్ దిక్కు చూస్తది, నా దిక్కు చూస్తది. "ఎవలతోని మాట్లాడాలె బిడ్డా, గిండ్ల మనిషి లేడు గదా" అన్నది. నేను ఎదురుంగ పీట ఏసుకొని కూసొని "నన్నే నీ కొడుకు అనుకో అవ్వా" అన్న. అప్పుడు మొదలువెట్టింది. బర్రె ఈనింది, దూడ మంచిగున్నది, బాయిల నీళ్లు అడుగంటినయి, చెల్లె పెండ్లికి తీస్కున్న మిత్తి పైసలు కట్టినం, నువ్వు రంది పెట్టుకోకు, టైముకు తిను అని.

మాటలు అయిపోయినంక పాట ఎత్తుకున్నది, నాట్లేసేటప్పుడు పాడే పాట. ఒక వరుస పాడి ఆగుతది. మల్ల ఇంకో వరుస పాడి ఆగుతది. మర్చిపోతుందేమో అనుకున్న. మూడోసారి ఆగి నా మొఖం దిక్కే చూసింది, అప్పుడు సమజైంది, అవ్వ ఆగింది నా కోసమే. నేను అందుకోవాలె. ఒకలు ఎత్తుకుంటరు, మిగితోళ్లు అందుకుంటరు, ఆ పాట ఉండుడే అట్ల ఉంటది. ఎన్నడు పాడనోన్ని, సిగ్గుతోని మెల్లగ "ఉయ్యాలో" అన్న. అవ్వ మొఖం ఎలిగింది. ఆ సైడు అయిపోయి టేపు టక్కున ఆగేదాక పాడుతనే ఉన్నది, నేను అందుకుంటనే ఉన్న.

అవ్వ క్యాసెట్ కొంగుల ముడేసుకొని పోయింది. నేను కాపీ పెట్టుకోలె. డబల్ డెక్ పక్కన్నే ఉన్నది, ఒక ఖాళీ క్యాసెట్ పెడితే అయిపోతుండె. సినిమా పాటలు ఎన్ని వేల కాపీలు కొట్టిననో లెక్క లేదు, అది మాత్రం కొట్టలె. అవ్వ పేరు కూడ అడగలె.

తర్వాత సీడీలు వచ్చినయి, పోయినయి, వాటి గురించి చెప్పేటంత లేదు. మెమరీ కార్డుల కాలం మాత్రం చెప్పాలె. 2 జీబీ కార్డు పట్టుకొని లైన్ల నిలబడుతుండె, ఇరవయో ముప్పయో తీస్కొని నింపి ఇచ్చేటోళ్లం. 2009 చివర్ల ఉద్యమం లేచినంక లిస్టులు మారినయి. కాకతీయ యూనివర్సిటీ పిల్లలు, ఆటో డ్రైవర్లు, ఎనుమాముల మార్కెట్ల హమాలీలు, అందరు వచ్చి అడిగేది ఉద్యమం పాటలే. గొంతు తగ్గిచ్చి అడిగినోళ్లే గట్టిగ అడుగుడు మొదలైంది. 2012ల వీ6 ఛానల్ వచ్చి తీన్మార్ వార్తలు మన మాటల చదివినంక మా బాపు రోజు అన్నం పల్లెం పట్టుకొని టీవీ ముంగట్నే కూసునేటోడు, "మనోళ్లు చెప్తున్నరు" అనుకుంట. అదే ఏడు జగిత్యాల జిల్లా లంబాడిపల్లె నుంచి మై విలేజ్ షో అనే యూట్యూబ్ ఛానల్ మొదలైంది, ఊరి మనుషులు, ఊరి భాష, ఊరి ఇండ్లు. అండ్ల కనిపిచ్చే గంగవ్వను ఇప్పుడు తెల్వనోళ్లు ఎవరున్నరు? అక్షరం రాని ముసలవ్వ తన మాటతోనే రెండు రాష్ట్రాలకు తెలిసింది. క్యాసెట్ కంపెనీల కాలంల గీ పని అయ్యేదా? కంపెనీ ఉండేది ఎక్కడ్నో పెద్ద పట్నంల, ఆ గేటు కాడికి మనోళ్లను రానిచ్చేదే ఎవరు?

2016 సెప్టెంబర్ల జియో వచ్చింది, కొన్ని నెలలల్లనే నా పాటలు ఎక్కిచ్చే దందా బందైంది. కష్టమైంది, అయినా ఫోన్ మీద కోపం రాలె. మా ఊరి పిల్లలు వరి పొలం ఒడ్డు మీద, పాత గూనపెంకల ఇండ్ల ముందు షూటింగ్ చేసి పాటలు ఇడుస్తున్నరు, లక్షలల్ల ఇంటున్నరు. 2023ల ఆస్కార్ స్టేజి మీద నిలబడ్డ చంద్రబోస్ గారిది మా దిక్కే, చిట్యాల మండలం చల్లగరిగ. నా బిడ్డ హైదరాబాద్‌ల బీటెక్ చదువుతది, దోస్తుల ముందు ఫోన్ల నాతోని "గట్లనా బాపూ" అని గట్టిగ మాట్లాడుతది. నేను దాసుకున్న మాట అది. ఇది గెలుపే, దీన్ని తక్కువ చేసి మాట్లాడితే నాకు మనసుకు పట్టది.

మరి పోయిందేంది అంటె, ఆ ఆగుడు. అవ్వ వరుసకు వరుసకు నడుమ నా కోసం ఇడిసిన జాగ. ఇప్పటి పాటల ఆ జాగ లేదు, అక్కడ కీబోర్డు బిట్టు పడ్తది, కోరస్ కూడ స్టూడియోలనే పాడి పెడుతరు. ఇనేటోనికి అందుకునే పని లేదు, ఎగురుడే. ఇగ రీల్స్ లెక్క వేరే. 2020 జూన్ 29న టిక్‌టాక్ బందైనా ఆ అలవాటు బంద్ కాలె, ఇన్‌స్టాకు, యూట్యూబ్ షార్ట్స్‌కు మారింది అంతే. షార్ట్ అంటె 2024 అక్టోబర్ దాక ఒక్క నిమిషమే, ఇప్పుడు మూడు నిమిషాలు చేసిన్రు. పాటలు రాసే మా దిక్కు తమ్ముడు ఒకడు చెప్పిండు, "అన్నా, ముందు రీల్‌కు పడే రెండు లైన్లు దొరకాలె, దొరికినంకనే మిగితాది రాస్త" అని. తప్పు వానిది అన్నట్లేదు, వాని పొట్ట దాని మీద ఉన్నది. కానీ నాటు పాట పొలం ఎంత ఉంటె అంత ఉండె, మడి అయిపోతేనే పాట అయిపోతది. ఒగ్గు కథ తెల్లార్లు నడుస్తుండె. జనగామ దిక్కు చుక్క సత్తయ్య గారి లాంటోళ్లు ఆ డోలు మధ్యల ఒక్క మాట అని ఆగితే జనం మొత్తం ఊపిరి బిగబట్టేది, దాంట్ల ముప్పై సెకండ్లు ఎక్కడ కోస్తరు? న్యాయంగ చెప్పాలంటె యూట్యూబ్‌ల గంటల గంటల ఒగ్గు కథ వీడియోలు కూడ ఉన్నయి, మా అమ్మ మధ్యాహ్నం పూట అవే పెట్టుకొని పడుకుంటది. అంటె లోపం యూట్యూబ్‌ది ఒక్కదానిదే కాదు.

ఇంకోటి నన్ను మస్తు గోస పెట్టింది చెప్త. 2021ల మా చిన్నమ్మ పాట ఒకటి ఫోన్ల రికార్డు చేసి నా ఛానల్ల పెట్టిన, చిన్నమ్మ తన తల్లి కాడ నేర్సుకున్న పాట, ఇంటి అరుగు మీద కూసొని డప్పు లేకుంట, దరువు లేకుంట పాడింది. మర్నాటికే కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. ఏదో కంపెనీ అదే పాటకు డీజే బీటు ఏసి ముందే ఇడిసింది అంట. తరతరాల నుంచి నోటి నుంచి నోటికి వచ్చిన పాటకు ఓనర్ ఎవడు ఉండడు, కొత్తగ రికార్డు చేసినోనికి ఆ రికార్డింగ్ మీద, వాడు కొత్తగ కలిపిన దాని మీదనే హక్కు, పాత పాట మీద కాదు. డిస్ప్యూట్ పెట్టిన, అవతలోళ్లకు 30 రోజులు టైం ఉంటది, వాళ్లు జవాబియ్యలె, గడువు అయినంక క్లెయిమ్ దానంతట అదే పోయింది. నాకు దాని మీద పైసలు వద్దు. చిన్నమ్మ గొంతుల ఉన్న పాట చిన్నమ్మది కాదు అని మెయిల్ వచ్చుడు చూసి కడుపు రగిలింది. మీలో ఎవరికైనా గట్ల వస్తె భయపడి వీడియో తీసెయ్యకున్రి, డిస్ప్యూట్ పెట్టున్రి, సాంప్రదాయ గీతం అని, ఎవరు పాడిన్రో, ఏ ఊరో రాయున్రి.

పాటలు తీసేటోళ్లకు కూడ ఒకటి చెప్పాల్నని ఉన్నది. ముసలవ్వల కాడ పాట ఇని, రెండు మాటలు మార్చి, కింద లిరిక్స్ అని సొంత పేరు ఏసుకునుడు అన్యాయం. సేకరణ అనే మాట ఉన్నది గదా, అది రాస్తె ఏం పోతది? మా వరంగల్ జిల్లా దేవనూరుల పుట్టిన బిరుదురాజు రామరాజు గారు జానపద గేయాల మీద ఉస్మానియాల పరిశోధన చేసిన్రు, చేతిల ఫోన్ లేని కాలంల. మన చేతిల ఫోన్ పెట్టుకొని ఎవరు పాడిందో ఒక్క పేరు రాయలేమా?

బతుకమ్మ ముచ్చట చెప్పి ఆపుత. 2014ల రాష్ట్ర పండుగ అయినంక జోరు పెరిగింది, సంతోషం. కానీ మా కాలనీల సద్దుల నాడు డీజే బాక్సులు పెడితే ఆడోళ్ల నోర్లు మూతపడ్డయి, చప్పట్లు కొట్టుకుంట ఎగురుడే, పాటలొచ్చిన పెద్దమ్మలు పక్కకు కుర్చీలల్ల కూసున్నరు. రెండేండ్ల కింద కాలనీల మాట్లాడుకొని ఒక గంట డీజే లేకుంట నోటి పాటే అని పెట్టుకున్నం. మొదటి ఏడు పదిహేను నిమిషాలకే పాటలు ఒడిసినయి, ఎవలకు రావు. పోయినేడు చిన్నమ్మను ఊరి నుంచి తోలుకచ్చిన. చిన్నమ్మ నడిమిట్ల నిలబడి ఎత్తుకున్నది, వరుస పాడి ఆగింది, పిల్లలు ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు. నా బిడ్డ ముందు అందుకున్నది, ఎనుక మిగితోళ్లు. ఆ గంట ఎప్పుడు అయిపోయిందో తెల్వలె, డీజే పిలగాడు కూడ బాక్సు మీద కూసొని ఇన్నడు.

ఆనాటి పాటలు బిడ్డ ఫోన్ల రికార్డు చేసి ఇంటి గ్రూపుల పెట్టింది, చిన్నమ్మ పేరు, ఊరి పేరు రాసి. చిన్నమ్మకు వాట్సాప్ రాదు, మా తమ్ముని కొడుకు పెట్టి ఇస్తడు. రాత్రి మంచంల పడుకొని తన పాట తనే ఇనుకుంట, ఆగిన కాడల్లా తనే అందుకుంటదట. ఇంకా ఏడెనిమిది పాటలు ఉన్నయి అంటుంది, దసరాకు పోయినప్పుడు పొద్దుగాల కూసోబెట్టి పాడిచ్చుకోవాలె, మధ్యాహ్నం దాటితే గొంతు అలుస్తది.