సోలార్ పెట్టే ముందు డాబా మీద బట్టలారేసుకునేవాళ్లని అడుగు

అమ్మడూ,

నీ మెసేజ్ చదివా. యూనివర్సిటీలో ఎనర్జీ క్లబ్బుకి నిన్ను కన్వీనర్‌ని చేశారు, హాస్టళ్ల మీద సోలార్ వస్తోంది, స్టూడెంట్లనీ చుట్టుపక్కల ఊళ్లవాళ్లనీ కలుపుకుపోవాలన్నారు, ఎలా పెదనాన్నా అన్నావు. కరెంటాఫీసులో చేసి రిటైరయ్యాక కాలేజీల్లో ఇలాంటి పనులు దగ్గరుండి చూశా కాబట్టి తెలిసింది చెప్తా, పనికొచ్చింది తీసుకో.

డిసెంబర్ 14న ఎనర్జీ కన్జర్వేషన్ డే అని ర్యాలీ, ప్రతిజ్ఞ, ముగ్గుల పోటీ పెడతారు చూడు, పెట్టుకోండి, నేనేం కాదనను, కానీ దాంతో జనం మీతో ఉన్నారనుకోకు. వాళ్లు వద్దంటే ప్లాన్ మార్చుకునే వీలు ఇంకా ఉండగానే వెళ్లి అడగాలి. టెండరు అయిపోయాక ఆడిటోరియంలో మీటింగ్ పెట్టి సమోసాలు పంచితే ఎవరూ మోసపోరు.

ముందు డాబా సంగతి. వంద కిలోవాట్ల ప్లాంటుకి సుమారు పదివేల చదరపు అడుగులు కావాలి, అంటే పెద్ద హాస్టల్ డాబా దాదాపు మొత్తం పోయినట్టే. ఇప్పుడు ఆ డాబా మీదకి ఎవరెళ్తున్నారో ఎప్పుడైనా చూశావా, బట్టలారేసుకునేవాళ్లు, పరీక్షలప్పుడు చదువుకునేవాళ్లు, రాత్రి ఇంటికి ఫోన్ చేసుకునేవాళ్లు, గర్ల్స్ హాస్టల్ అయితే సాయంత్రం గేటు వేశాక కాస్త గాలి తగిలేది అక్కడే. ప్యానెళ్లు బిగించిన మర్నాడే వార్డెన్ మెట్లకి తాళం వేస్తాడు, ఆ తాళం చూసిన పిల్లలకి నువ్వు కార్బన్ గురించి ఎన్ని చెప్పినా ఎక్కదు. ఎత్తు స్టాండ్ల మీద పెడితే కింద మనుషులు తిరగొచ్చు, ఖర్చు పెరుగుతుంది నిజమే, లేదా ఒక పక్క వదిలేసి బట్టల తీగలు అటు కట్టించొచ్చు. ఇది డ్రాయింగు దశలోనే అడగాలి, అడిగేది కూడా మీ క్లబ్బు వాళ్లే ఒక్కో ఫ్లోరూ తిరిగి అడగాలి, గూగుల్ ఫారం పంపితే మీ ఫ్రెండ్సే నింపుతారు.

ఇక లెక్కలు. మన ఎండకి ఒక కిలోవాట్ రోజుకి సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది, వంద కిలోవాట్లంటే నాలుగొందల యూనిట్లు, మన గ్రిడ్ కరెంటుకి యూనిట్‌కి దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ అనుకుంటే ఏడాదికి వంద టన్నుల దాకా తగ్గుద్ది. బానే ఉంది. ఇప్పుడు ఇది చూడు, హాస్టల్లో మామూలు ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే బీఎల్‌డీసీ ఫ్యాను, అదే కరెంటు తక్కువ తాగే కొత్తరకం మోటారుది, 30 వాట్లలో తిరుగుతుంది, రోజుకి పదిహేను గంటలు తిరిగే ఆరొందల ఫ్యాన్లు మారిస్తే ఆదా అయ్యేది కూడా అదే నాలుగొందల యూనిట్లు, ఖర్చు మాత్రం సోలార్ కంటే చాలా తక్కువ! పైగా హాస్టల్ లోడు పెరిగేది రాత్రి ఏడు తర్వాత, అప్పుడు ఎండ ఉండదు, ఫ్యాన్లు ఉంటాయి. ఎండలు మండే మే నెలలో ప్లాంటు కరెంటు ఇస్తుంటే హాస్టళ్లు ఖాళీ, నెట్ మీటరింగ్, అంటే మిగిలిన కరెంటు గ్రిడ్‌కి పంపి బిల్లులో తగ్గించుకునే ఏర్పాటు, సరిగ్గా లేకపోతే ఆ యూనిట్లు పోయినట్టే. ఫ్యాన్ మార్పుకి రిబ్బన్ కటింగ్ ఫొటో రాదు కాబట్టి ఎవరికీ హుషారుండదు, మీ క్లబ్బు పట్టుకోవాల్సింది అదే. ఒక్క జాగ్రత్త, రిమోట్ ఉన్న ఫ్యాన్లు హాస్టల్లో వద్దు, రెండో నెలకి సగం రిమోట్లు కనపడవు, గోడ మీద రెగ్యులేటర్‌తో పనిచేసే రకం అడగండి.

మెస్ వేస్టుతో బయోగ్యాస్ ప్లాంటు కూడా అన్నావు. వంద కిలోల అన్నం కూరల వేస్టుకి రోజుకి ఎనిమిది పది ఘనపు మీటర్ల గ్యాస్ రావొచ్చు, అంటే వారంలోపే ఒక 19 కిలోల కమర్షియల్ సిలిండర్ మిగిలినట్టు. ఇక్కడ నిమ్మచెక్కలు, గుడ్డు పెంకులు, పెరుగు కవర్లు ఏరేది మాత్రం మెస్‌లో గిన్నెలు తోమే ఆవిడ. ఆవిడకి జీతం అంతే, పని పెరిగింది, తప్పు జరిగితే తిట్లు ఆవిడకే. ప్లాంటు కంపెనీతో మాట్లాడే ముందు ఆవిడతో మాట్లాడు, ఆ పనికి కాంట్రాక్టులోనే అదనంగా డబ్బులు రాయించు. లేకపోతే నెల తిరక్కుండా డైజెస్టర్‌లో, అంటే వేస్టు కుళ్లి గ్యాస్ తయారయ్యే ట్యాంకులో, ప్లాస్టిక్ చేరుద్ది, కంపు కొడుతోందని స్టూడెంట్లే కంప్లయింట్ పెడతారు. పళ్లాల్లో వదిలేది తగ్గించమని చెప్పడం అన్నింటికన్నా చవక, అది వేరే సంగతి.

ఊళ్లవాళ్ల విషయం ఇంకా జాగ్రత్త. క్యాంపస్ వెనక ఖాళీ జాగాలో నేల మీద ప్యానెళ్లు అంటున్నారన్నావు కదా, కాగితం మీద అది ఖాళీ జాగానే, కానీ అక్కడ మేకలు మేస్తాయి, ఆడవాళ్లు పుల్లలేరుకుంటారు, పొలాలకి కాలిబాట ఉంటుంది. కంచె వేస్తే ఇవన్నీ తెగుతాయి. వాళ్ల దగ్గరికి వెళ్లి ఉద్యోగాలొస్తాయని మాత్రం చెప్పకు, సోలార్ ప్లాంటు ఒకసారి కట్టాక దానికి కావాల్సింది కడిగేవాళ్లు, గడ్డి కోసేవాళ్లు, వాచ్‌మెన్, అంతే. ఆ కొద్ది పనీ ఆ ఊరివాళ్లకే ఇస్తామని రాతపూర్వకంగా ఇప్పించు, బాట ఎక్కడ వదులుతారో వాళ్లనే గీయమను. పంచాయతీ ఆఫీసులో ఒక్క మీటింగ్ చాలదు, సర్పంచ్ చెప్పింది మేకలాయన చెప్పింది ఒకటి కాదు.

పెద్ద యూనివర్సిటీలకీ ఇది తప్పలేదు. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ 2000లో పక్కనున్న కయుగా సరస్సు అడుగు నుంచి చల్లటి నీళ్లు తోడి, ఆ చల్లదనంతో క్యాంపస్ బిల్డింగులకి కూలింగ్ ఇవ్వడం మొదలెట్టింది, కరెంటు బాగా ఆదా అవుద్ది. అయినా మా సరస్సు పాడవుద్దని అక్కడివాళ్లు గట్టిగానే వ్యతిరేకించారు. యూనివర్సిటీ ఏళ్ల తరబడి సరస్సు నీళ్లు టెస్ట్ చేయిస్తూ ఆ వివరాలు బయట పెట్టాల్సొచ్చింది.  నీళ్లు టెస్ట్ చేసి చూపించడం చూశావా, మీరూ అలాగే ఉండాలి. హాస్టల్ గేటు దగ్గర ఒక బోర్డు పెట్టి నెలనెలా ఎన్ని యూనిట్లు వచ్చాయి, ఎన్ని వాడారు రాయండి. తక్కువొచ్చిన నెల కూడా రాయండి, దుమ్ము పట్టిందా, ఇన్వర్టర్ పోయిందా అన్నదీ రాయండి.

డబ్బు సంగతి ఎవరూ మీకు చెప్పరు, మీరే అడగాలి. ప్యానెళ్లు యూనివర్సిటీ కొంటోందా, లేక రెస్కో పద్ధతిలో, అంటే బయటి కంపెనీయే తన డబ్బుతో ప్యానెళ్లు బిగించి, యూనిట్‌కి ఇంతని మీకు అమ్ముతుందా? రెస్కో అయితే ఒప్పందం ఇరవై పాతికేళ్లు ఉంటుంది, రేటు ఎంత, డాబా రిపేరొస్తే ప్యానెళ్లు ఎవరు దించుతారు, ఇవి స్టూడెంట్లకి తెలియాలి. ఫైనాన్స్ ఆఫీసులో కాస్త చిరాకు పడతారు, పడనీ.

ఇంకొకటి, మీరందరూ రెండేళ్లలో పాసై వెళ్లిపోయేవాళ్లు. ఫస్టియర్ పిల్లల్ని ఇద్దరు ముగ్గుర్ని ఇప్పుడే మీటర్ రీడింగులకి తీసుకెళ్లు, ఎలక్ట్రీషియన్‌తో పరిచయం చెయ్యి, ఆయన ఫోన్ నంబర్ క్లబ్బు పుస్తకంలో రాసిపెట్టు. ప్రొఫెసర్ కన్నా ఆయనే మీకు ఎక్కువ ఉపయోగపడతాడు, నా అనుభవం అది.

ముందు యూనివర్సిటీ హెచ్‌టీ (హై టెన్షన్) కరెంటు బిల్లులు ఒక ఏడాదివి ఫొటోలు తీసి పంపు, సీఎండీ (కరెంటాఫీసుతో ఒప్పుకున్న గరిష్ఠ లోడు) ఎంత, రికార్డెడ్ డిమాండ్ (మీటర్‌లో నిజంగా నమోదైన గరిష్ఠ లోడు) ఎంత వస్తోందో చూసి ఆదివారం ఫోన్ చేస్తా. మీ నాన్నకి చెప్పు, ఇంటి మోటారు స్టార్టర్ నేనొచ్చినప్పుడు చూస్తా, ఈలోపు ఎవరితోనూ విప్పించొద్దని.

పెదనాన్న