ఉన్ని మిల్లు పెట్టాలంటే ముందుగా ఏం చేయాలి?

ప్రశ్న: గొర్రెలు పెంచుకునే కుటుంబాలు కొన్ని కలిసి మేము ఒక సంఘంగా ఏర్పడ్డాం. ఉన్ని అమ్మితే వచ్చే డబ్బు కత్తిరింపు కూలికి కూడా చాలడం లేదు కనుక చాలామంది దానిని పారబోస్తున్నారు. మేమే చిన్న మిల్లు పెట్టుకుంటే గిట్టుబాటవుతుందా? ముందు ఏ యంత్రం కొనాలి?

జవాబు: గిట్టుబాటయ్యే అవకాశం ఉంది. అయితే యంత్రం కొనడంతో మొదలుపెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. ఉన్నికి వచ్చే విలువ చాలావరకు కత్తిరించే చోటనే తేలిపోతుంది, అక్కడ పాడైన సరుకును ఏ యంత్రమూ బాగుచేయలేదు. శుభ్రమైన, పొడిగా ఉన్న నేల మీద కత్తిరించాలి, తెల్ల గొర్రెలు అన్నీ అయిన తరువాతే నల్లవాటిని పట్టుకోవాలి, ఎందుకంటే తెల్ల ఉన్నిలో నాలుగు నల్ల వెంట్రుకలు కలిసినా లేత రంగులు అద్దడానికి అది పనికిరాదు. ఒకసారి కత్తిరించిన చోట మళ్లీ కత్తెర పెడితే పొట్టి ముక్కలు రాలి, వడికినప్పుడు నూలులో ఉండలు కడతాయి. పొట్ట, కాళ్లు, తోక దగ్గరి మురికి ఉన్నిని వేరుగా తీసి ఉంచండి. ప్లాస్టిక్ నేత సంచుల్లో మాత్రం ఎన్నడూ నింపకండి, వాటి నుంచి ఊడే పోగులు ఉన్నిలో కలిస్తే ఏరడం అసాధ్యం, రంగు కూడా పట్టవు.

నాణ్యత చూసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. ఒక పాయను రెండు చేతులతో రెండు కొసలా పట్టుకుని, చెవి దగ్గర పెట్టుకుని ఒక్క కుదుపుతో లాగండి. బలమైన పోగు టంగుమని మోగుతుంది, బలహీనమైనది చిటపటమని మధ్యలో తెగుతుంది. గొర్రె జబ్బుపడిన రోజుల్లోనో, మేత దొరకని రోజుల్లోనో పెరిగిన భాగం సన్నబడి అలా తెగుతుంది. అంటే మంద ఆరోగ్యం ఉన్నిలో కనిపిస్తుందన్నమాట.

ఇక అసలు చిక్కు కడగడంలో ఉంది. ముడి ఉన్నిలో మైనం, చెమట లవణాలు, దుమ్ము, గడ్డిగింజలు కలిసి ఉంటాయి, కడిగాక దాని బరువులో మూడో వంతు, ఒక్కోసారి సగం దాకా తగ్గిపోతుంది. కడగకుండా దూరపు మిల్లుకు పంపితే ఆ మురికికి కూడా మీరే రవాణా ఖర్చు భరిస్తున్నారు. పెంపకందారులకు దగ్గరలోనే కడిగే ఏర్పాటు ఉండాలని నేను కోరుకోవడానికి ఇదే ప్రధాన కారణం. అయితే ఇది బట్టలు ఉతికినట్టు చేసే పని కాదు. మైనం కరగాలంటే సుమారు 60 డిగ్రీల సెల్సియస్ వేడి నీళ్లు కావాలి. వరుసగా పెట్టిన తొట్లలో, కలియబెట్టకుండా, మెల్లగా ముంచి తేల్చాలి. వేడినీటిలో నలిపినా, వేడి నుంచి ఒక్కసారిగా చల్లటి నీటిలో వేసినా పోగుల మీది పొలుసులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉన్ని గట్టి ముద్దగా మారుతుంది, దానిని మళ్లీ విడదీయలేం. వాడిన నీటిలో మైనంతో పాటు గొర్రెలకు పట్టించిన పురుగుమందుల అవశేషాలు కూడా ఉండవచ్చు కనుక దానిని వాగులోకి వదలకూడదు. తేర్చే తొట్టికి, శుద్ధికి అయ్యే ఖర్చును మొదటి లెక్కలోనే వేసుకోండి. తేలిన మైనాన్ని శుద్ధి చేస్తే అదే లేపనాల్లో వాడే లానోలిన్ అవుతుంది. కాని చిన్న మిల్లు దాని మీద ఆదాయం లెక్కించుకోవడం తొందరపాటు.

కత్తిరింపు ఏడాదికి ఒకటి రెండుసార్లే జరుగుతుంది, మిల్లు మాత్రం ఏడాది పొడవునా నడవాలి. అందుకు తేమ తగలని గోదాము, సరుకు తెచ్చిన రోజునే పెంపకందారుకు కొంత సొమ్ము చెల్లించేందుకు పెట్టుబడి అవసరం. బరువును మాత్రమే చూసి డబ్బిస్తే శుభ్రంగా కత్తిరించినవారికి అన్యాయం జరుగుతుంది, మరుసటి ఏడు వారు కూడా శ్రద్ధ మానేస్తారు. నాణ్యతను బట్టి ధర ఇవ్వండి. ఇతరుల ఉన్నిని కూలికి కడిగి, ఏకి ఇచ్చే పద్ధతిని కూడా పెట్టుకుంటే మిల్లు ఖాళీగా ఉండే రోజులు తగ్గుతాయి.

ప్రశ్న: మా గొర్రెల ఉన్ని ముతకది. బట్టలకు పనికిరాదంటున్నారు. అలాంటప్పుడు ఈ శ్రమంతా దేనికి?

జవాబు: ఒంటికి తగిలే మెత్తని దుస్తులకు సాధారణంగా 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు మందం ఉన్న సన్నని పోగు కావాలి, సన్న ఉన్నినిచ్చే మెరినో గొర్రెల జాతికి గిరాకీ అందువల్లే. మీది 30 దాటితే ఆ పోటీలోకి వెళ్లవద్దు. ముతక పోగు తివాచీలకు మేలు, తొక్కుడుకు తట్టుకుని నిలుస్తుంది. వడకకుండా ఏకి ఒత్తితే ఫెల్టు (నేయకుండానే తయారయ్యే ఒత్తయిన ఉన్ని గుడ్డ), వేడి, చలి లోపలికి రాకుండా గోడల మధ్య పరిచే పరుపులు తయారవుతాయి కనుక వడికే యంత్రం ఖర్చు తప్పుతుంది. ఉన్ని తన బరువులో సుమారు మూడో వంతు తేమను పీల్చుకున్నా తడిసినట్టు అనిపించదు, త్వరగా నిప్పంటుకోదు కూడా. అయితే చిమ్మట పురుగు నుంచి రక్షణ కల్పించాల్సి ఉంటుంది. అందుకూ పనికిరాని పొట్ట ఉన్నిని, తోక ఉన్నిని గుళికలుగా చేసి మట్టిలో కలిపితే నెమ్మదిగా కుళ్లుతూ మొక్కలకు నత్రజని అందిస్తుంది, నీటిని కూడా పట్టి ఉంచుతుంది. గుళికల కోసం ఉన్నిని కడగనక్కరలేదు. కాబట్టి మీ సంఘం మొదటి ఏడాది ఈ పనితో మొదలుపెట్టి, మంచి ఉన్నిని రకాలవారీగా వేరుచేసి నమూనాలను పరీక్షకు పంపి, పోగు మందం, పొడవు తెలిసిన తరువాతే ఏ యంత్రం కావాలో నిర్ణయించుకోండి.