60 రోజులైనా చార్జిషీట్ రాకపోతే?

మీ తమ్ముడు సెల్‌ఫోన్ దొంగతనం కేసులో రిమాండ్‌లో ఉండి 58 రోజులైందన్నారు కదండీ. టెన్షన్ వద్దు గానీ, ఆలస్యం మాత్రం చేయకండి. ఇలాంటి కేసులో 60 రోజుల్లోపు చార్జిషీట్ వేయకపోతే బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) 187(3) కింద డీఫాల్ట్ బెయిల్, అంటే గడువులోగా చార్జిషీట్ రాలేదన్న కారణంతోనే ఇచ్చే బెయిల్, మీ తమ్ముడి హక్కు. లెక్క అరెస్టు రోజు నుంచి కాదు, మేజిస్ట్రేట్ రిమాండ్‌కు పంపిన రోజు నుంచి. ఆ రోజునూ కలపాలని సుప్రీంకోర్టు 2023లో తేల్చింది.

అసలు మెలిక ఇక్కడుంది: బెయిల్ దానంతటదే రాదు, అడగాలి. 61వ రోజు కోర్టు తెరవగానే లాయర్‌తో పిటిషన్ వేయించండి. మీకంటే ముందు పోలీసులు చార్జిషీట్ వేస్తే ఆ హక్కు పోయినట్టే. మధ్యాహ్నం చూద్దాంలే అన్నారో, అంతే! జామీనుదారులను, వాళ్ల ఇంటిపన్ను రసీదులు, ఆధార్ జిరాక్సులను ఇవాళే సిద్ధం చేసుకోండి.