బానెట్ ఎత్తకముందే మాట్లాడుకోవాలి, బిడ్డా

ములుగు

బిడ్డా,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు ఏడ్చిన ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది. బ్రేకుల పనికని కారు ఇస్తే, ఆ షెడ్డువాళ్ళు పొద్దున 9,000 అవుతుందని నోటిమాటగా చెప్పి, సాయంత్రానికి 31,400 బిల్లు చేతిలో పెడితే ఎవరికైనా కడుపు మండుతుంది. పైగా "మీ సార్‌ను పంపండి మేడమ్, ఆయనకు వివరంగా చెప్తాం" అన్నారట. డబ్బుల కంటే ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. బండి నీ పేరు మీద ఉంది, రోజూ హన్మకొండ నుంచి పరకాల దాకా నడిపేది నువ్వు, కట్టేది నీ జీతంలోంచి. వివరం చెప్పాల్సింది నీకే. రేపు మళ్ళీ ఆ మాట అంటే ఇదే చెప్పు, గొంతు పెంచాల్సిన పని లేదు.

"రెండో తాళంచెవి నా దగ్గరే ఉంది, షెడ్డుకు పోయి బండి తెచ్చుకోనా మామా" అని అడిగావు. వద్దు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 170వ సెక్షన్ ఒకటుంది. వస్తువు మీద పనితనం పెట్టి బాగుచేసినవాడు, తన కూలి ముట్టేదాకా ఆ వస్తువును తన దగ్గర ఉంచుకోవచ్చని అది చెప్తుంది. నువ్వు చెప్పిన బ్రేకుల పని అతను చేశాడు కాబట్టి దాని డబ్బులు అడిగే హక్కు అతనికి ఉంది. చెప్పకుండా బండి తెచ్చుకుంటే ఇప్పటిదాకా నీ వైపున్న న్యాయం అటు వైపు పోతుంది.

పగటిపూట, మీ స్కూల్లో ఎవరినైనా తోడు తీసుకుని వెళ్ళు. ముందు బిల్లులో ప్రతి సామానూ ప్రతి పనీ విడివిడిగా రాసి ఇమ్మను. మార్చిన పాత సామాను చూపించమను. నువ్వు ఒప్పుకున్న పనులేవి, ఒప్పుకోనివేవి అక్కడే బిల్లు మీద గుర్తు పెట్టు. ఎంత చెప్పినా తగ్గకపోతే, బండి లేకుండా నీకు సోమవారం గడవదు కాబట్టి కట్టేయి. కానీ నగదు ఇవ్వకు, ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో కట్టు. కట్టే ముందు బిల్లు మీద "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను, ఈ ఈ పనులకు నా అనుమతి లేదు" అని రాసి, సంతకం, తేదీ పెట్టి ఫోటో తీసుకో. రాయనివ్వకపోతే అదే మాట వాళ్ళ నంబరుకు వాట్సాప్‌లో పంపి ఆ తర్వాతే కట్టు. ఆ రెండు ముక్కలు లేకపోతే, తర్వాత ఎక్కడికి పోయినా "మేడమ్ ఒప్పుకునే కట్టింది" అంటారు.

నువ్వు పంపిన బిల్లు ఫోటో పెద్దది చేసి చూశాను. "బ్రేక్ ప్యాడ్లు, 2 సెట్లు" అని ఉంది. మొన్న మీ ఇంటికి వచ్చినప్పుడు చూశాను కదా, నీ బండికి ముందు చక్రాలకే డిస్కు బ్రేకులు, వెనక డ్రమ్ము బ్రేకులు. డ్రమ్ముల్లో ఉండేవి బ్రేక్ షూలు, ప్యాడ్లు కావు. ఒక సెట్టు అంటేనే ముందు రెండు చక్రాలకు సరిపోయే నాలుగు ప్యాడ్లు. మరి రెండో సెట్టు ఎక్కడ పట్టిందో చూపించమని అడుగు. రేపు అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే.

రెండోది ఏసీ గ్యాస్. పెట్రోలు లాగా ఏసీ గ్యాస్ ఖర్చయిపోయేది కాదు. గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. బాగా తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు ఎక్కడుందో చూడకుండా గ్యాస్ ఎక్కించి పంపితే, ఎండలు ముదిరేసరికి మళ్ళీ అదే షెడ్డుకు పోతావు. లీకు పరీక్ష చేశారా, ఎక్కడ దొరికింది, ఏం చేశారు అని అడుగు. జవాబు లేకపోతే ఆ పని సగమే అయినట్టు.

మూడోది పన్ను. ప్యాకెట్టు మీదుండే ఎమ్మార్పీ అంటేనే అన్ని పన్నులూ కలిపిన ధర. దాని మీద మళ్ళీ 18 శాతం వేయడానికి లేదు. ధరనూ పన్నునూ విడదీసి రాసినా మొత్తం కలిపితే ఎమ్మార్పీ దాటకూడదు. అందుకే ఖాళీ డబ్బాలు కూడా అడిగి తెచ్చుకో. 2025 సెప్టెంబరు 22 నుంచి బండి సామాను అన్నిటికీ జీఎస్టీ 18 శాతమే, 28 వేసిన లైను కనిపిస్తే అది పాత రేటు. జీఎస్టీ వేశారంటే బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉండాలి, మన తెలంగాణ దుకాణాలవి 36తో మొదలవుతాయి. నంబరే లేని షెడ్డుకు జీఎస్టీ వసూలు చేసే హక్కు లేదు.

ఇక బిల్లులో ఇంజిన్ ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనింగ్, ఏదో కోటింగ్ అని ఉన్నాయి. ఇవి నువ్వు అడగలేదు. బండితో వచ్చిన పుస్తకంలో ఎన్ని కిలోమీటర్లకు ఏం మార్చాలో పట్టిక ఉంటుంది. అందులో లేనిది, నువ్వు చెప్పిన ఇబ్బందితో సంబంధం లేనిది ఏదైనా సరే, "ఇప్పుడు వద్దు" అంటే సరిపోతుంది.

ఈ బిల్లు సంగతి ఎలాగో ఒకలా తేలుతుంది. నేను నిజంగా చెప్పాలనుకున్నది దీని తర్వాతి సంగతి.

ములుగు నుంచి ఏటూరునాగారం, హన్మకొండ దారుల్లో ఇరవై ఆరేళ్ళు కిరాయి కారు నడిపాను. 2003 మే నెలలో నా అంబాసిడర్ ఊరికే వేడెక్కేది. హన్మకొండలో ఒక షెడ్డుకు తీసుకుపోయి, అన్నీ తెలిసినవాడిలా "హెడ్ గ్యాస్కెట్ పోయినట్టుంది, చూడండి" అన్నాను. ఇంజిన్ పై భాగం, అంటే హెడ్డు, కింద ఉండే పల్చటి రేకు అది. వాళ్ళు చూడలేదు, విప్పేశారు. గ్యాస్కెట్ మార్చారు, హెడ్డు అడుగు చదును చేయించారు, వాల్వులు పట్టించారు. 11,000 బిల్లు. మీ అత్త గాజులు కుదువపెట్టి కట్టాను. మూడు వారాలకు పెళ్ళివాళ్ళను ఎక్కించుకుని పోతుంటే పస్రా దగ్గర బండి మళ్ళీ మరిగింది. చంటిపిల్లతో ఒక తల్లి ఆ ఎండలో రోడ్డు పక్కన చెట్టు కింద రెండు గంటలు కూర్చుంది. ఆమె ముఖం ఇప్పటికీ నాకు గుర్తుంది.

మర్నాడు ములుగులో రేడియేటర్లకు మాట్లు వేసే ముసలాయన దగ్గరికి తీసుకుపోయాను. ఆయన ఇంజిన్ ముట్టుకోలేదు. రేడియేటర్ మూత తీసి, లోపలి రబ్బరు వేలితో నొక్కి చూపించాడు. ఎండి చిట్లిపోయి ఉంది. మూత ఒత్తిడి పట్టకపోతే నీళ్ళు తొందరగా మరుగుతాయి. వంద రూపాయలు కూడా కాని మూత. దాంతో ఆ బాధ తీరింది.

ఆ షెడ్డువాడు నన్ను మోసం చేశాడు, నిజమే. కానీ ఆ తలుపు తీసింది నేనే. సామాను పేరు నేను చెప్పాను, అతను దాన్ని మార్చాడు. గొడవకు పోతే "మీరే కదా చెప్పింది" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

అందుకే బిడ్డా, షెడ్డులో ఎప్పుడూ సామాను పేరు చెప్పకు, బండి ఏం చేస్తుందో చెప్పు. "ప్యాడ్లు అరిగాయి" అనకు. "బ్రేకు కొడితే ముందు ఎడమ పక్క కీచుమంటుంది, పది రోజుల నుంచి, బండి వేడెక్కాక ఎక్కువవుతుంది" అను. ఎప్పుడు, ఎంత స్పీడులో, ఏ పక్క, చల్లగా ఉన్నప్పుడా వేడిగా ఉన్నప్పుడా అన్నీ కాగితం మీద రాసుకుని పో. వర్షాకాలంలో పొద్దున మొదటి రెండు మూడు బ్రేకులకే కీచుమని తర్వాత ఆగిపోతే, అది రాత్రి తేమకు డిస్కు మీద పట్టిన పల్చటి తుప్పు కావచ్చు, దానికి ఏ సామానూ అక్కర్లేదు. మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక రౌండు తిప్పి ఆ శబ్దం అతని చెవులతో వినిపించు. అంత తీరిక లేదన్నవాడికి బండి ఇవ్వకు.

తర్వాత చెప్పాల్సిన మాట ఇంకోటుంది. "ముందు చూసి ఏం పోయిందో చెప్పండి, చూసినందుకు డబ్బులు ఇస్తాను. నాకు ఫోన్ చేసి నేను సరే అన్నాకే సామాను మార్చండి." ఇది నోటితో చెప్పి, అక్కడే నిలబడి వాట్సాప్‌లో కూడా పంపు. జాబ్ కార్డు, అంటే బండి తీసుకునేటప్పుడు చేయాల్సిన పనులు రాసుకునే కాగితం, రాస్తే దాని మీద ఎస్టిమేట్ ఎంత, ఎంత దాటితే అడగాలి అన్నది రాయించు. "చూసి ఏముంటే అది చేసేయండి అన్నా" అని నువ్వు మొన్న అన్నావు చూడు, ఆ ఒక్క మాటే నీకు ఇరవై రెండు వేలు ఖర్చు తెచ్చింది. మంచి మనసుతో అన్నావు, నాకు తెలుసు. అయినా ఇకమీదట అనకు.

బండి ఇచ్చేముందు కిలోమీటర్ల మీటరు, పెట్రోలు ముల్లు, స్టెప్నీ, జాకీ, బ్యాటరీ మీదున్న నంబరు ఫోటోలు తీసుకో. ప్యాడ్లు మార్చాలన్నారంటే ఇంకా ఎన్ని మిల్లీమీటర్లు ఉన్నాయో అడుగు. కొత్తవి పది దాకా ఉంటాయి, మూడుకు దగ్గరైతే మార్చాల్సిందే, అందులో మాత్రం పిసినారితనం చేయకు. బ్రేకులు, టైర్లు, స్టీరింగు విషయంలో అనుమానం ఉంటే బండి తీయకు, బస్సెక్కు. మిగతావాటిలో 5,000 దాటే పని చెప్తే, బండి నడుస్తున్నంత వరకు ఇంకో చోట చూపించుకో. బ్యాటరీని చార్జి చేసే డైనమో పోయిందని మొత్తం కొత్తది వేస్తామంటే ముందు ఆటో ఎలక్ట్రీషియన్‌కు చూపించు, చాలాసార్లు లోపలి కార్బన్ బ్రష్షులు గానీ రెగ్యులేటర్ గానీ మారిస్తే అయిపోతుంది. ఇంజిన్ లైటు వెలిగితే స్కానర్ పెట్టి వచ్చిన కోడు రాసిమ్మను. కోడు ఎక్కడ వెతకాలో చెప్తుందే తప్ప ఏ సామాను కొనాలో చెప్పదు.

కంపెనీ షోరూములో అయితే మోసం ఉండదని మీ అమ్మ అంటుంది. నేను ఒప్పుకోను. వారంటీ ఉన్నన్నాళ్ళు అక్కడికే పో, ఎయిర్‌బ్యాగుల వంటి ఎలక్ట్రానిక్ పనులకు కూడా అక్కడికే పో. కానీ అక్కడ బండి తీసుకుని పనులు రాసుకునే కుర్రాళ్ళకు అదనపు ప్యాకేజీలు అమ్మాలని టార్గెట్లు ఉంటాయి. పుస్తకంలోని పట్టిక ముందు పెట్టుకుని మాట్లాడు. బ్రేకులు, క్లచ్, సస్పెన్షన్‌కు నమ్మకమైన షెడ్డు ఒకటి వెతుక్కో. వరంగల్ ఆటోనగర్‌లో చేయి తిరిగినవాళ్ళు ఉన్నారు. బండి బాగున్నప్పుడే చిన్న పని ఇచ్చి చూడు. ఆయిల్ మార్పించి, పాత ఫిల్టరు అడగకముందే చూపిస్తాడా లేదా గమనించు.

ఇంకో సంగతి, నా అనుభవంతో చెప్తున్నా. లేబర్ దగ్గర గీచి గీచి బేరం ఆడకు. రోజంతా బండి కింద పడుకుని చేసిన పనికి 300 ఇస్తామంటే, అతను ఆ లోటు సామాన్ల దుకాణం కమీషన్లో రాబట్టుకుంటాడు. అప్పుడే లోకల్ సామాను ఒరిజినల్ అయిపోతుంది, ఒక సెట్టు రెండు సెట్లవుతుంది. కూలి సరిగ్గా ఇస్తాను, సామాను బిల్లు మాత్రం దుకాణానిదే కావాలి అని చెప్పు. నిజాయితీగా చేసేవాళ్ళకు ఈ మాట నచ్చుతుంది.

ఇక ఈ షెడ్డు డబ్బులు వెనక్కి ఇవ్వకపోతే ఊరుకోకు. బిల్లు, వాట్సాప్ మాటలు, ఫోటోలు జతచేసి, ఎంత తిరిగివ్వాలో స్పష్టంగా రాసి, 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపు. వేరే మెకానిక్‌తో బండి చూపించి, మార్చినట్టు రాసినవి నిజంగా మార్చారో లేదో కాగితం మీద రాయించుకో. అంతవరకు దాన్ని ఇంకెవరితోనూ విప్పించకు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం కింద రెండేళ్ళలోపు ఫిర్యాదు చేయాలి, 5 లక్షల లోపు చెల్లించినవాటికి ఫీజు లేదు, లాయరు లేకుండా నువ్వే మాట్లాడుకోవచ్చు. టైం పడుతుంది, కానీ నీ దగ్గర కాగితాలుంటే భయపడాల్సింది వాళ్ళే.

రేపు అక్కడికి పోయేముందు నాకు ఫోన్ చెయ్యి. ఫోన్ స్పీకర్లో పెట్టుకుని మాట్లాడు, నేను మధ్యలో మాట్లాడను, వింటూ ఉంటాను. పాత ప్యాడ్లు, ఖాళీ డబ్బాలు ఒక సంచిలో వేసి ఇంట్లో ఉంచు. ఆదివారం మొదటి బస్సుకు వస్తా, ఆ వేరే మెకానిక్‌తోనే చక్రాలు విప్పించి ఇద్దరం కలిసి చూద్దాం.

నీ మేనమామ