బడి స్థలం, జీతాల పద్దు, రాబోయే ముప్పై ఏళ్లు: చెన్నై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మేము పెరంబూరులో ఉంటున్నాం. మా వీధి చివర ఉన్న కార్పొరేషన్ ప్రాథమిక పాఠశాలలో నలభై మంది పిల్లలే మిగిలారు. అంతే మంది ఉన్న మరో బడితో కలిపి, పెద్ద రోడ్డు అవతల కొత్త భవనం కడితే జీతాల ఖర్చు చాలా తగ్గుతుందని వార్డులో పెద్దలు చెబుతున్నారు. మా పాప ఇక్కడే రెండో తరగతి చదువుతోంది. నేను పాఠశాల యాజమాన్య కమిటీలో సభ్యురాలిని. ఈ లెక్కలో నిజమెంత? మేము ఏమి అడగాలి?
– ఒక తల్లి, పెరంబూరు

జవాబు: అమ్మా, మీరు ముందుగా అడగవలసింది ఆ లెక్కను కాగితం మీద చూపించమని. విద్యాహక్కు చట్టం అనుబంధం ప్రకారం ప్రాథమిక స్థాయిలో అరవై మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు, అరవై ఒకటి నుంచి తొంభై వరకు ముగ్గురు ఉండాలి. రెండు బడులూ విడివిడిగా ఉంటే నలుగురు కావాలి. కలిపి ఎనభై మంది అయితే ముగ్గురు చాలు. అంటే ఈ విలీనం వల్ల మిగిలేది ఒక్క పోస్టు. తమిళనాడులో సెకండరీ గ్రేడ్ ఉపాధ్యాయుల (పేరు అలా ఉన్నా వీరు ప్రాథమిక తరగతులకు బోధించేవారే) వేతన శ్రేణి 20,600 రూపాయల మూల వేతనంతో మొదలవుతుంది. కరువు భత్యం అందులో సగం దాటింది కనుక, కొత్తగా చేరిన ఒక ఉపాధ్యాయురాలికి ఈ రెండు పద్దుల కింద ఏడాదికి సుమారు మూడు లక్షల డెబ్బై వేలు అవుతుంది. అయితే విలీనం జరిగిన మర్నాడే ఆ సొమ్ము మిగలదు, ఎందుకంటే అదనంగా తేలిన ఉపాధ్యాయురాలిని ఇంకో బడికి బదిలీ చేస్తారే తప్ప ఇంటికి పంపరు. ఎక్కడో ఒక ఖాళీని భర్తీ చేయకుండా వదిలేసినప్పుడే పద్దులో తగ్గుదల నిజంగా కనిపిస్తుంది.

ఇక రెండో వైపు చూడండి. ఫ్రాన్సు అభివృద్ధి సంస్థ రుణ సహాయంతో చెన్నై కార్పొరేషన్ 28 పాఠశాలలను ఆధునికీకరించడానికి చేపట్టిన పథకం అంచనా 95.25 కోట్ల రూపాయలు. సగటున ఒక్కో బడికి మూడు కోట్ల నలభై లక్షలు. మీ చిన్న బడికి అంత అక్కర్లేదు, అందులో మూడో వంతుతో పని పూర్తవుతుందనుకుందాం. అప్పటికీ ఒక్క పోస్టు మిగులుతో ఆ ఖర్చు తీరడానికి ముప్పై ఏళ్లు పడుతుంది. జీతం ఏటా పెరుగుతుంది కనుక కొంత ముందే తీరవచ్చు. అప్పు తెచ్చి కడితే వడ్డీ వల్ల మళ్లీ వెనక్కి పోవచ్చు. ఏమైనా జీతాల పొదుపు కోసం భవనం కట్టడమనే వాదన నిలబడదని నా అభిప్రాయం. ఇప్పుడున్న భవనం పాడైపోయి, ఎలాగూ కొత్తది కట్టక తప్పని స్థితి ఉంటే అది వేరే కారణం. అప్పుడు ఆ కారణాన్నే చెప్పాలి, ఇంజినీరు నివేదికను కమిటీ ముందు పెట్టాలి.

స్థలం విషయంలో మీ ఆందోళనకు చట్టంలోనే ఆధారం ఉంది. తమిళనాడు నియమాల ప్రకారం అయిదో తరగతి వరకు బడి ఇంటికి ఒక కిలోమీటరు లోపు ఉండాలి. కొత్త స్థలం ఆ పరిధిలోనే ఉందని మీకు సమాధానం రావచ్చు. కానీ ఆరేళ్ల పిల్లకు దూరం ఒక్కటే కొలత కాదు. దారిలో చిన్న పిల్లలకు ప్రమాదం ఉన్న చోట ఆ దూర పరిమితిని ఇంకా తగ్గించి బడి పెట్టాలని కేంద్రం రూపొందించిన నమూనా నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి. అందువల్ల సిగ్నలు ఎక్కడుంది, ఉదయం ఎనిమిదిన్నరకు ఆ రోడ్డు ఎలా ఉంటుంది, పనికి వెళ్లే తల్లి పిల్లను దింపి సమయానికి బస్సు అందుకోగలదా అన్నవి స్థల పరిశీలన నివేదికలో చేరవలసిన అంశాలే. ఈ మూడో ప్రశ్నను ఎవరూ అడగరు. బడి మారినప్పుడు నలభై మందిలో ఎందరు కొత్త చోటికి నిజంగా వస్తారన్నది మాత్రం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

మీ చేతిలో ఒక బలమైన సాధనం ఉంది. చట్టంలోని 22వ సెక్షన్ ప్రకారం పాఠశాల అభివృద్ధి ప్రణాళికను తయారు చేయవలసింది మీ యాజమాన్య కమిటీయే. ప్రభుత్వ నిధులకూ ప్రణాళికలకూ అదే ఆధారం కావాలి. నమూనా నియమాల ప్రకారం అది మూడేళ్ల ప్రణాళిక: ఏటా తరగతివారీగా చేరబోయే పిల్లల అంచనా, కావలసిన ఉపాధ్యాయులు, గదులు, డబ్బు అన్నీ అందులో ఉండాలి. చాలా చోట్ల ఎవరో నింపిన కాగితం మీద సంతకాలతో ఆ పని ముగిసిపోతుంది. మీ బడిలో అలా జరగనివ్వకండి. మీ వీధుల్లో మూడు నుంచి అయిదేళ్ల పిల్లలు ఎందరున్నారో అంగన్‌వాడీ రిజిస్టరులో చూసి, ఆ సంఖ్యను ప్రణాళికలో రాయించండి. ఆ సంఖ్య నిజంగా తగ్గుతోందని తేలితే విలీనాన్ని మీరే మరో కంటితో చూడవలసి రావచ్చు; తమిళనాడులో జననాల రేటు చాలా కాలంగా పడిపోతూనే ఉంది.

ప్రశ్న: 2022లో ఆస్తి పన్ను పెంచారు. దానితో పాటు విద్యా పన్ను కూడా చెల్లిస్తున్నాం. అయినా శాశ్వత ఉపాధ్యాయులను నియమించకుండా తాత్కాలికంగా నడిపిస్తారెందుకు? జీతాలే బడ్జెట్టును మింగేస్తున్నాయన్న మాట నిజమేనా?
– విశ్రాంత ఉద్యోగి, అంబత్తూరు

జవాబు: అయ్యా, పాఠశాల ఖర్చులో అధిక భాగం జీతాలే. అలాగే ఉండాలి కూడా. బోధించే మనిషి లేకుండా మిగిలినవాటికి అర్థం లేదు. అయితే కార్పొరేషన్లు ఎందుకు వెనుకాడతాయో తెలియాలంటే ఒక లెక్క వేసి చూడాలి. 20,600 మూల వేతనంతో చేరి, ఏటా మూడు శాతం ఇంక్రిమెంటుతో ముప్పై ఏళ్లు పనిచేసే ఒక్క ఉపాధ్యాయురాలికి మూల వేతనమే సుమారు కోటీ పదిహేడు లక్షలు అవుతుంది. కరువు భత్యం, పదోన్నతి, కొత్త వేతన సవరణలు దీనికి అదనం. భవనానికి శంకుస్థాపన చేసే నాడు ఫొటో దిగవచ్చు. నియామకపు ఉత్తర్వు మీద సంతకం చేసేవారు మాత్రం తమ తరవాత వచ్చే ఆరు పాలకమండళ్లను బాధ్యులను చేస్తున్నారు. అందుకే ఒక్కసారి వచ్చే గ్రాంటు భవనాల వైపు వెళుతుంది, జీతాలు వాయిదా పడతాయి.

ఆ వాయిదాకు మూల్యం చెల్లిస్తున్నవారు ఉపాధ్యాయులు. 2009 జూన్ 1కి ముందు చేరిన సెకండరీ గ్రేడ్ ఉపాధ్యాయులకు అప్పటి శ్రేణిలో మూల వేతనం 8,370 రూపాయలుగా, ఆ తరవాత చేరినవారికి 5,200గా నిర్ణయించారు. ఒకే అర్హత, ఒకే తరగతి గది, ఒకే పని. ఆ వ్యత్యాసం మీద సమాన పనికి సమాన వేతనం కోరుతూ చెన్నైలో వారు ఎన్నోసార్లు ఆందోళనకు దిగారు. 2022లో ఖాళీలను యాజమాన్య కమిటీల ద్వారా తాత్కాలికంగా నింపినప్పుడు సెకండరీ గ్రేడ్‌కు నెలకు 7,500 రూపాయలే నిర్ణయించారు. చెన్నైలో ఇంటి అద్దె ఎంతో మీకు తెలుసు. ఆ జీతంతో చేరిన యువతి మరుసటి ఏడాది అదే తరగతిలో ఉంటుందని ఎవరూ ఆశించలేరు. పిల్లలకు ఏటా కొత్త ముఖం కనిపించడం వల్ల కలిగే నష్టం ఏ పద్దులోనూ కనిపించదు. నాకు అన్నిటికంటె బాధ కలిగించేది ఇదే.

ఇక పన్ను సంగతి. పాత చెన్నై (శివారు ప్రాంతాలు కలవక ముందున్న నగరం) పరిధిలో 1998 తరవాత ఆస్తి పన్నును సవరించింది 2022లోనే. ఇంటి విస్తీర్ణాన్ని బట్టి 50 నుంచి 150 శాతం వరకు పెంచారు. ఇరవై నాలుగేళ్లు కదలని ఆదాయంతో ఏటా కదిలే జీతాలను మోయడం ఏ నగరానికీ సాధ్యం కాదు, ఒక్కసారిగా పెంచితే ఇళ్లవారికీ భరించరానిదే. కొద్దికొద్దిగా ఏటా పెంచడమే న్యాయమని నేను భావిస్తాను, విద్యా పన్ను కింద వసూలైనదెంత, బడులకు చేరినదెంత అన్నది వార్డులవారీగా ప్రకటించిన పక్షంలో. ఆ వివరాలను మీ వార్డు ప్రజలు పాల్గొనే ఏరియా సభలో అడగండి. సమాధానం రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది.

పైనుంచి వచ్చే నిధుల మీద పూర్తిగా ఆధారపడటం ఎంత ప్రమాదమో ఈ నగరానికి నూరేళ్ల కిందటే అనుభవమైంది. మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉన్న మన తెలుగువారు పిట్టి త్యాగరాయ చెట్టి గారు 1920లో థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని బడిలో, ఒక్కో బిడ్డకు రోజుకు ఒక అణా మించకుండా, ఆహార పథకాన్ని ప్రారంభించారు. మరికొన్ని బడులకు అది విస్తరించింది, హాజరు పెరిగింది. కానీ ప్రాథమిక విద్యా నిధి నుంచి ఆ ఖర్చుకు ప్రభుత్వం అంగీకరించకపోవడంతో 1925లో ఆగిపోయింది. మన కాలంలో కూడా, పీఎం శ్రీ (కేంద్రం ఆదర్శ పాఠశాలల పథకం) ఒప్పందంపై కేంద్రంతో వచ్చిన విభేదం వల్ల 2024-25కు సమగ్ర శిక్ష అనే కేంద్ర పాఠశాల విద్యా పథకం కింద తమిళనాడుకు రావలసిన రెండు వేల కోట్లకు పైగా సొమ్ము నిలిచిపోయింది. బాండ్ల ద్వారా అప్పు తెచ్చే మార్గం కార్పొరేషన్‌కు ఉంది, 2025లో 200 కోట్లు అలాగే సేకరించింది; కానీ అప్పు కాలువలకు, భవనాలకు తగినది, నెల జీతాలకు కాదు. జీతాలకు సొంత ఆదాయమే ఆధారం కావాలి.

ప్రశ్న: మా లేఅవుటులో పార్కు కోసం వదిలిన స్థలంలో గానీ, చెరువు పక్కన ఖాళీగా ఉన్న పోరంబోకులో గానీ బడి కట్టమని అర్జీ పెట్టవచ్చా?
– మడిపాక్కం పాఠకుడు

జవాబు: లేఅవుటు అనుమతి కోసం కార్పొరేషన్‌కు అప్పగించిన బహిరంగ స్థలాన్ని మరో అవసరానికి వాడకూడదని మద్రాసు హైకోర్టు పలుమార్లు చెప్పింది, బడి మంచి పనే అయినా ఆ అర్జీ నిలవదు. చెరువు పోరంబోకును అడగనే వద్దు. మీ ప్రాంతపు వాననీరు చేరే పళ్లికరణై చిత్తడి నేల 2022లో రామ్‌సర్ జాబితాలో (అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలల జాబితా) చేరింది, 2015 డిసెంబరు వరదలో ఆ చుట్టుపక్కల వీధులు ఎలా మునిగాయో మీరు చూసే ఉంటారు. ఉచితంగా దొరికిన పల్లపు భూమిని మెరక చేయడానికి, ఏటా మరమ్మతులకు అయ్యే ఖర్చు తక్కువేమీ కాదు. వాన పడ్డ ప్రతిసారీ బడికి సెలవు ఇవ్వవలసి వస్తుంది. దానికి బదులు మీ వార్డులో ఇప్పటికే ఉన్న కార్పొరేషన్ బడి ఆవరణలో పై అంతస్తు వేయడానికి పునాది అనుమతిస్తుందో లేదో పరీక్షించమని జోనల్ కార్యాలయానికి రాయండి. 2015లో నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో గుర్తున్న ఇళ్లవారి సంతకాలు ఆ అర్జీకి జత చేయండి.