పోలిక వేరు, చుట్టరికం వేరు: ఎడారి ఎలుకల మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం నిన్న రాత్రే చదివేశాను, పొద్దున లేచి ఇంకోసారి చదివాను. బాగుంది అని ఒక్క మాట రాసి ఊరుకుంటే నీకూ హాయి, నాకూ హాయి. కానీ ఉన్నదున్నట్టు చెప్పమని అడిగావు కాబట్టి చెబుతున్నా, కాస్త ఓపిగ్గా చదువు.

మొదటి పేజీలోనే ఒక వాక్యం కింద గీత గీశాను. "ఎడారిని తట్టుకోవడానికి ఈ ఎలుకలు కాళ్లు పొడుగు చేసుకున్నాయి, చెవులు పెంచుకున్నాయి, మూత్రపిండాలు మార్చుకున్నాయి." తెలుగులో ఈ 'కొను' ఉందే, దానితో చాలా జాగ్రత్తగా ఉండాలి. వండుకుంది, దాచుకుంది, ఇల్లు కట్టుకుంది అన్న వరసలో 'పెంచుకుంది' అనగానే ఎలుక ఒక సాయంత్రం కూర్చుని ఇలా లాభం లేదు, కాళ్లు పెంచుదాం అనుకున్నట్టు చదివేవాడికి అనిపిస్తుంది. ఏ ఎలుకా ఏదీ పెంచుకోలేదు. కాస్త పొడుగు కాళ్లతో పుట్టినవి గుడ్లగూబకు చిక్కకుండా ఎక్కువ కాలం బతికాయి, ఎక్కువ పిల్లల్ని కన్నాయి, పొట్టి కాళ్లవి అన్ని కనలేకపోయాయి, వేల తరాల పాటు ఇదే జరిగింది. ప్రతిసారీ ఇంత పొడుగు రాయలేవు, అందుకని మామూలుగా 'పెరిగాయి' అను చాలు, కానీ వ్యాసంలో ఒక్కచోటైనా ఈ తంతు మొత్తం విప్పి చెప్పు. అది లేకపోతే జీవపరిణామం మీద రాసినట్టు కాదు.

ఇక అసలు సంగతి. నీ వ్యాసం నిండా 'ఎడారి ఎలుక' అనే ఒక జంతువు తిరుగుతోంది. అలాంటిది లేదు. ఆఫ్రికా ఉత్తర భాగంలోనూ ఆసియాలోనూ జెర్బోవా ఉంది, ఉత్తర అమెరికాలో కంగారూ ఎలుక ఉంది, ఆస్ట్రేలియాలో గెంతే చిట్టెలుక నోటోమిస్ ఉంది. మూడూ పొడుగాటి వెనక కాళ్ల మీద గెంతుతాయి, మూడింటికీ చివర కుచ్చు ఉన్న పొడుగు తోక, మూడూ రాత్రిపూటే బయటికొస్తాయి. పక్కపక్కన పెడితే ఒక తల్లి పిల్లలే అంటావు. నేనూ అన్నాను! పాతికేళ్ల కిందట ఒక పత్రికకు రాస్తూ జెర్బోవాను కంగారూ ఎలుకకు "ఆసియా అన్న" అని మురిసిపోతూ రాశాను, అచ్చయింది కూడా. వారం తిరక్కుండా ఒక పాఠకుడు కార్డు రాశాడు: "అయ్యా, మీ అన్నదమ్ముల తల్లి ఎవరు?" నా దగ్గర జవాబు లేదు. వెతుక్కుంటూ పోతే తేలిందేమంటే, కంగారూ ఎలుకకు దగ్గరి చుట్టం నేలలో సొరంగాలు తవ్వే పాకెట్ గోఫర్, ఆ తర్వాత లెక్కకొచ్చేది బీవర్. చుక్క నీళ్లు తాగకుండా బతకగలిగేదానికి వాగుకు అడ్డంగా ఆనకట్ట కట్టే జంతువు చుట్టం. జెర్బోవాకేమో ఇంట్లో తిరిగే ఎలుకే కంగారూ ఎలుకకన్నా దగ్గర, నోటోమిస్ అయితే ఆ ఎలుక కుటుంబంలోదే.

నీ వ్యాసానికి వెన్నెముక ఇదే అని నా అభిప్రాయం. పోలిక వేరు, చుట్టరికం వేరు. ఈ రెండూ కలిసిపోయి పండితులు ఎన్నిసార్లు బోల్తా పడ్డారో అదే కథగా రాయి. నువ్వేమో వర్గీకరణను చివర్లో ఒక పట్టికలో పడేశావు, రేషన్ లిస్టులాగా.

కథ ఎక్కడ మొదలుపెట్టాలో కూడా చెబుతాను. 1758లో, జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ జెర్బోవాకు పెట్టిన పేరు 'మూస్ జాకులస్'. మూస్ అంటే లాటిన్‌లో ఎలుక. ఆ మూస్ అనే గంపలోనే ఆయన గినీ పిగ్‌ను వేశాడు, చలి దేశాల్లో ఉండే లెమ్మింగ్‌ను వేశాడు, ఎగిరే ఉడుతను కూడా వేశాడు. చిన్నగా ఉండి కొరికేదల్లా ఎలుకే. ఆయన్ని చూసి నవ్వేలా రాయకు, ఆయన చేతిలో ఉన్నది బయటి రూపమే కదా. 1855లో బ్రాంట్ అనే ఆయన దవడ కండరం పుర్రెలో ఎటునుంచి ఎటు పోతుందో చూసి ఉడుత రకం, ఎలుక రకం, ముళ్లపంది రకం అని మూడు గుంపులు చేశాడు. ఇది చాలా లోతైన చూపు, ఇప్పటికీ ఆ మాటలు వాడుతున్నారు. అయినా చూడు, ఆ కండరం అమరికలో జెర్బోవా ముళ్లపందిలా ఉంటుంది, చుట్టరికంలో ఎలుక వైపు ఉంటుంది. అంటే బయటి రూపమే కాదు, ఎముక కూడా మోసం చేస్తుంది. అందుకే డీఎన్‌ఏ వచ్చాక ఇళ్లు మారినవి చాలా ఉన్నాయి. ముళ్లెలుక అకోమిస్‌ను చూస్తే ఎవరైనా చిట్టెలుకే అంటారు, కానీ 1980ల నుంచి ప్రొటీన్లు, ఆ తర్వాత డీఎన్‌ఏ పోల్చి చూస్తే అది జెర్బిల్‌లకు దగ్గరగా తేలింది.

జెర్బిల్ అంటే గుర్తొచ్చింది, దాన్నీ జెర్బోవానీ నువ్వు రెండు చోట్ల కలిపేశావు. జెర్బిల్ ఎలుక కుటుంబంలో ఒక ఉపకుటుంబం, మామూలుగా నాలుగు కాళ్ల మీద పరిగెత్తుతుంది. థార్ ఎడారిలో పగటిపూటే బొరియల దగ్గర కనిపించే మెరియోనిస్ హరియానే కూడా జెర్బిలే. సరిచెయ్యి.

నీటి గురించి నువ్వు రాసిన పేరా చప్పగా ఉంది, "తక్కువ నీటితో బతుకుతాయి" అని వదిలేశావు. అక్కడ లెక్క చూపించు. వంద గ్రాముల పిండి పదార్థం ఒంట్లో పూర్తిగా ఖర్చయితే దాదాపు 55 గ్రాముల నీరు పుడుతుంది. కంగారూ ఎలుక ఎండు గింజలు తిని ఈ నీటితోనే నెట్టుకొస్తుందని 1940ల చివర్లో అరిజోనాలో క్నుట్ ష్మిట్-నీల్సన్, బోడిల్ ష్మిట్-నీల్సన్ దంపతులు మొదలుపెట్టిన పరిశోధనల్లో తేలింది. పుట్టిన నీటిని పోనివ్వకపోవడం అసలు విద్య. ముక్కు చల్లగా ఉండటంతో బయటికి వదిలే ఊపిరిలోని తేమ అక్కడే చాలావరకు ఆగిపోతుంది, ఇక మూత్రం సంగతి చెప్పక్కర్లేదు. గెంతే చిట్టెలుక మూత్రం మనిషి మూత్రం చేరగలిగే గాఢతకు ఆరు రెట్లకు పైగా చిక్కబడగలదు. ఈ చిక్కదనం ఒక ఖండంలో ఒక వంశంలో, ఇంకో ఖండంలో ఇంకో వంశంలో వేరువేరుగా వచ్చింది. ఆ ముక్క రాయకపోతే నీరు గురించి ఎంత రాసినా అది ఆరోగ్య పేజీలా ఉంటుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ ఉప్పాకు. అట్రిప్లెక్స్ అనే ఎడారి పొద ఆకుల పైపొరలో ఉప్పు పేరుకుని ఉంటుంది, అలాగే తింటే దాహంతో చావాలి. ఉత్తర అమెరికాలో ఒక కంగారూ ఎలుకకు కింది పళ్లు ఉలిలా చదునుగా ఉంటాయి, వాటితో ఆ పొర చెక్కేసి లోపలి పచ్చని భాగం తింటుంది. ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియా వైపు ఇసుక ఎలుక సామోమిస్ కూడా పళ్లతో గీకే తింటుంది. అర్జెంటీనాలో టింపనాక్టోమిస్ అని ఒకటుంది, దానికి ముందు పళ్ల వెనక గట్టి వెంట్రుకల కుచ్చులుంటాయి, వాటితో బ్రష్ పెట్టి రుద్దినట్టు ఉప్పు రాల్చేస్తుంది. మూడు ఖండాలు, మూడు కుటుంబాలు, ఒకే పని. పనిముట్టు మాత్రం అందరికీ ఒకటి కాదు, ఎవరి వంశంలో ఏది అందుబాటులో ఉంటే దానికే సాన పట్టింది ప్రకృతి (చూశావా, నేనూ ప్రకృతిని మనిషిని చేసేశాను, అలవాటు). దీనికి నువ్వు ఒక్క వాక్యం ఇచ్చావు. రెండు పేజీలివ్వు.

కాళ్ల దగ్గర ఇంకో పొరపాటు: ఎడారి వచ్చింది, అందుకని గెంతడం వచ్చింది అన్నావు. జెర్బోవాల చుట్టాలైన జంపింగ్ మైస్ అనే చిట్టెలుకల్లాంటి జంతువులు తడి గడ్డిమైదానాల్లో, అడవి అంచుల్లో ఉంటాయి, అవీ గెంతుతాయి. అంటే గెంతడానికి ఎడారే అక్కర్లేదు. పైగా జెర్బోవా పాదం ఒక్కసారిగా తయారవలేదు. కాలు పొడవు, మధ్య ఎముకలు కలిసిపోవడం, పక్క వేళ్లు పోవడం, ఇవి వేరువేరు సమయాల్లో జరిగాయి. అయిదు వేళ్ల జెర్బోవాలు ఇప్పటికీ ఉన్నాయి, మూడు వేళ్లవీ ఉన్నాయి. మూడు వేళ్లదాని పిండంలో తక్కిన రెండు వేళ్లు మొదలవుతాయి, తర్వాత అక్కడి కణాలు చచ్చిపోతాయి. 2014లో వచ్చిన ఈ సంగతి చదివినప్పుడు చాలాసేపు ఇంకే పనీ చెయ్యలేకపోయాను.

చెవి గురించి మాత్రం బాగా రాశావు. దానికి వెబ్‌స్టర్ అనే శాస్త్రవేత్త ప్రయోగం కలుపు: 1960ల్లో ఆయన కంగారూ ఎలుకల మధ్య చెవిలోని పెద్ద గదులను మూసేసి గుడ్లగూబల ముందు, పాముల ముందు వదిలాడు. చెవి బాగున్నవి తప్పించుకున్నాయి, మూసినవి చిక్కాయి. వినడానికి కఠినంగా ఉంటుంది, అయినా రాయి.

కుటుంబాల పేర్లు, సంఖ్యలు రాసేటప్పుడు ఏ సంవత్సరం నాటి మాటో చెప్పడం అలవాటు చేసుకో. జెర్బోవాలు, జంపింగ్ మైస్, వాటి ఇంకో చుట్టాలైన బర్చ్ మైస్ అన్నీ చాలాకాలం ఒకే కుటుంబం, 2013లో ఒక జన్యు పరిశోధన వచ్చాక ఎక్కువమంది మూడుగా విడదీస్తున్నారు. ఇందాక చెప్పిన టింపనాక్టోమిస్‌కు 102 క్రోమోజోములు. 1999లో, క్రోమోజోములు మామూలుగా ఉండే రెండు సెట్లకు బదులు నాలుగు సెట్లున్న తొలి క్షీరదం ఇదేనని ప్రకటించారు, 2005కల్లా కాదన్నారు, తర్వాత జన్యువులన్నీ చదివిచూస్తే దాని డీఎన్‌ఏ అంత ఎక్కువగా ఉండటానికి పదేపదే తిరిగొచ్చే డీఎన్‌ఏ ముక్కలు ఉబ్బిపోవడమే కారణమని తేలింది. నువ్వు 1999 దగ్గరే ఆగిపోయావు, పాత పుస్తకం చూసినట్టున్నావు.

చివరగా, మూడో పేజీలో బొమ్మ. కింద "సహారా జెర్బోవా" అని రాశావు. దాని వెనక నిలబడి ఉన్నది సగువారో కాక్టస్, అది సొనోరా ఎడారిలో తప్ప ఎక్కడా సహజంగా పెరగదు. అది కంగారూ ఎలుక, తమ్ముడూ.

ఇట్లు
నీ అన్నయ్య